ఊరందరికీ నాన కన్ను

నాకు ఎన్నో ఏళ్లుగా ఒక సందేహం ఉంది. ఒకే వస్తువును రెండు కొలతలు రెండు రకాలుగా చూపిస్తే తప్పు ఎవరిది? మా ద్వెనాసో సంతలో బొబ్బర్లు అమ్మే ఆడవాళ్లందరి దగ్గరా కొలిచే ఒలొంకా డబ్బాలుంటాయి. ఒకరి డబ్బా పక్కన సొట్ట ఉంటుంది. ఇంకొకరి డబ్బా అడుగు లోపలికి ఉబ్బి ఉంటుంది. అయినా అన్నిటినీ మేము ఒలొంకా అనే అంటాం. ఇంటికి వచ్చాక బొబ్బర్లు తక్కువగా కనిపిస్తే డబ్బాను ఒక్క మాట కూడా అనం. దారిలో ఎండకు బొబ్బర్లు కుంచించుకుపోయాయి అనుకుంటాం.

ఈ సందేహం పాస్టరుగారి ముందు పెట్టాను. దేవుడి తూనిక ఒక్కటే సరైనదన్నారు. అది నేనూ నమ్ముతాను. కానీ దేవుడు సంతకు రాడు కదా, అందాకా ఎవరి డబ్బాను నమ్మమంటారు అని అడిగాను. ఆయన నా తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు.

అలాంటి సందేహంతో బతుకుతున్న నన్ను దేవుడు మా ఊరి కంటి ఆస్పత్రికి నడిపించాడు. నా భార్య ఆఫ్రాకొమా దర్జీ. ద్వెనాసోలో సగం పెళ్లిళ్లు, ముప్పావు వంతు చావులు ఆమె కుట్టిన బట్టలతోనే జరిగాయి. ఆమె రెండు కళ్లకూ శుక్లాలు కమ్మాయి. ముందు కుడి కంటికి ఆపరేషన్ అన్నారు. మసకబారిన పొర తీసేసి లోపల చిన్న అద్దం పెడతారు. ఎంత పవరు అద్దం పెట్టాలో తేలాలంటే కంటి ముందు భాగంలో ఉండే పారదర్శకమైన పొర, కార్నియా అంటారు, దాని వంపు ఎంతో కొలవాలి. ఆ అంకె తప్పితే అద్దం తప్పుతుంది. ఒకసారి లోపల పెట్టిన అద్దాన్ని మార్చడం చొక్కా మార్చినంత తేలిక కాదు.

ఆఫ్రాకొమా కోరిక మాత్రం చాలా చిన్నది. "నాకు కొండలూ వద్దు, చుక్కలూ వద్దు. సూదిలో దారం ఎక్కించుకోవాలి. అంతే."

ఇంత చిన్న కోరిక తీర్చడానికి మా ఆస్పత్రిలో మూడు యంత్రాలున్నాయి. మొదటిది ముసలి యంత్రం. నర్సు సిస్టర్ బిరాగో దాని గొట్టంలోంచి చూస్తూ, కంటి మీద పడిన రెండు వెలుగు వలయాలు ఒకదాన్నొకటి తాకేదాకా చక్రం తిప్పుతుంది. పొద్దున తిప్పితే ఒక అంకె, మధ్యాహ్నం ఫుఫు ముద్ద తిన్నాక తిప్పితే దానికి గోరంత దూరంలో ఇంకో అంకె వస్తాయి. అందువల్ల దానికి నిలకడ లేదని పేరు పడింది. రెండోది చేత్తో పట్టుకునేది. పట్టుకున్న చెయ్యి వణికితే కన్ను వణికిందని చెబుతుంది. మూడోది కొత్తది. విదేశాల్లో స్థిరపడిన మా ఊరివాళ్ల సంఘం పంపింది. దానికి వెడల్పాటి తెర, ఆ తెర మీద నీలం వెలుగు, పక్కన దాతల పేర్లు చెక్కిన ఇత్తడి పలక. యంత్రం మొత్తంలో జనం ఎక్కువగా చదివేది ఆ పలకనే.

దాని ప్రారంభోత్సవం చాలా ఘనంగా జరిగింది. గుడారాలు వేశారు. బ్యాండు వాయించారు. సభకు అధ్యక్షత వహించడానికి ఒప్పుకుంటూ అధ్యక్షుడు చేసిన ఉపన్యాసం అయ్యేసరికి నీడ గుడారం ఒక వైపు నుంచి రెండో వైపుకు వెళ్లింది. చివరికి మా ఊరి రాజు నాన ఓబిరిగారు గద్దె దిగి వచ్చి యంత్రం ముందు గడ్డం ఆనించారు. తొలి కొలత ఆయనదే కావడం సబబు.

నానతో ఎవరూ నేరుగా మాట్లాడరు. ఆయన పక్కన బంగారు పిడి కర్రతో నిలబడే ఒచ్యామే ఉంటాడు. చెప్పదలచుకున్నది ఆయనకు చెబితే, ఆయన దాన్ని కడిగి, తుడిచి, పూలు పెట్టి నానకు అందిస్తాడు. ఇప్పటి ఒచ్యామే పేరు తవియా. పెద్ద డాక్టరు బొసొంపెమ్‌గారు తెర చూసి, "నలభై నాలుగుంపావు" అని తవియా చెవిలో చెప్పారు.

తవియా కర్ర పైకెత్తాడు. "నానా, ఆలకించండి! మీ కంటి వంపు మీ తాతల విల్లు వంపు. నలభై నాలుగు అందరికీ ఇచ్చేదే. ఆ పైన పావు మాత్రం దేవుడు మీ ఒక్కరికోసం కొసరు వేశాడు!"

డప్పులు మోగాయి. తుపాకులు పేల్చారు. దేవుడు కొసరు వేస్తాడన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు సిస్టర్ బిరాగో యంత్రం తెరిచి తర్వాతి రోగిని కూర్చోబెట్టింది. యంత్రం తెరమీద ఒక ప్రశ్న వేసింది. నాన ఓబిరి అనే పేరు చెరిపి కొత్త పేరు రాయాలా అని. కింద రెండు మీటలు, ఒకటి 'సరే', ఒకటి 'వద్దు'. బిరాగో 'వద్దు' నొక్కింది.

మీరైనా అదే నొక్కుతారు. మా దేశంలో రాజు పేరు చెరపడమంటే ఆయన్ని గద్దె దింపడమే, మాటలు కాదు. పెద్దలు కూడాలి, నేరాలు చదవాలి, ఆయన కాళ్ల చెప్పులు విప్పించాలి, అప్పుడు గానీ ఆ పని పూర్తి కాదు. కళ్ల నర్సుకు అంత అధికారం ఎవరిచ్చారు? యంత్రం కూడా మర్యాద తెలిసినదే. పేరు చెరపవద్దన్నారు గనుక కొత్త కొలత తీసుకోకుండా నాన అంకెనే గౌరవంగా చూపిస్తూ కూర్చుంది.

ఆ రోజు నుంచి ద్వెనాసోలో ప్రతి కంటికీ నలభై నాలుగుంపావు వచ్చింది. ఊరు మురిసిపోయింది. మా పొరుగింటి డుఫియే ఆస్పత్రి నుంచి సరాసరి మా వాకిట్లోకి వచ్చింది.

"విన్నావా ఆఫ్రాకొమా? నాదీ నానదీ ఒకటే అంకె! మాది రాచకుటుంబమని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది. ఒక్కరన్నా నమ్మారా?"

"నీ మేకని తీసుకెళ్లి కూర్చోబెట్టినా అదే అంకె చెప్తుందేమో అక్కా," అంది నా భార్య గుడ్డ తడుముకుంటూ. "అప్పుడు దాన్ని కూడా పల్లకీ ఎక్కిస్తారా?"

"నీకు కళ్లు కనపడవు గానీ నోటికి మాత్రం భలే కనిపిస్తుందే!"

ఇంతలో నగరం నుంచి ఆపరేషన్ డాక్టర్లు వస్తున్నారని కబురు వచ్చింది. వాళ్లు తెచ్చే అద్దాలు ఏ యంత్రం అంకె ప్రకారం పెట్టాలో ఆస్పత్రి ముందుగా తేల్చి చెప్పాలట. మొట్టమొదటి ఆపరేషన్ ఆఫ్రాకొమాదే. వెంటనే డాక్టరుగారు 'మూడు యంత్రముల విశ్వసనీయతను తులనాత్మకముగా పరిశీలించు సంఘము' వేశారు. అందులో బడి ప్రధానోపాధ్యాయుడికీ, యంత్రం పంపిన ఊరివాళ్ల సంఘం ప్రతినిధికీ, నాకూ చోటు దక్కింది. నేను చర్చి సంఘపెద్దను కాబట్టి ప్రారంభ ప్రార్థన, ముగింపు ప్రార్థన నావి. ఆ రెండింటి మధ్య నేను మాట్లాడకూడదు. ఇది ఎవరూ నాతో చెప్పలేదు. నాకు ఇచ్చిన కుర్చీ తలుపు బయట ఉండడం వల్ల తెలుసుకున్నాను.

పరీక్ష చాలా శాస్త్రీయంగా జరిగింది. ఒక్కొక్క కంటినీ ఒక్కొక్క యంత్రం మీద మూడేసిసార్లు కొలిచారు. ఆఫ్రాకొమా కుడి కంటికి ముసలి యంత్రం నలభై ఒకటిన్నర, ఒకసారి నలభై ఒకటి ముప్పావు, మళ్లీ నలభై ఒకటిన్నర చెప్పింది. చేతి యంత్రం నలభై ఒకటి, నలభై రెండు చెప్పి, మూడోసారి బ్యాటరీ అయిపోయి విశ్రమించింది. కొత్త యంత్రం మూడుసార్లూ నలభై నాలుగుంపావు చెప్పింది.

ఆ తర్వాత వడ్రంగి జోమో వచ్చాడు. అతని ఎడమ కన్ను గాజుది. రంపం కింద చెక్క ఎగిరి తగిలితే అసలుది పోయింది. కొత్త యంత్రం ఆ కంటిని కూడా ఓపిగ్గా చూసి నలభై నాలుగుంపావు అంది.

"సార్, అది గాజుదండి," అన్నాడు జోమో. "కుమాసి పట్నంలో చేయించుకున్నా."

డాక్టరుగారు తల పంకించారు. "గాజుదైనా వంపు చక్కగా ఉంది. మంచి పనివాడు చేశాడు."

"మరి దీనికి కూడా ఆపరేషన్ చేస్తారాండీ?"

"ఇప్పుడే తొందరేం లేదు. మసకలు వచ్చినప్పుడు చూద్దాం."

గాజు నాణ్యతను అభినందిస్తూ సంఘం ఒక వాక్యం ఆమోదించింది. తలుపు బయట నేను కుర్చీలో కదిలాను. కుర్చీ కిర్రుమంది. అందరూ నా వైపు చూశారు. నేను బైబిలు వైపు చూశాను.

ఆ సాయంత్రం సిస్టర్ బిరాగోను నడవాలో పట్టుకున్నాను. "అమ్మా, రెండుమూడు అంకెల తేడాతో అద్దం పెట్టేస్తే ఏమవుతుంది?"

"దారి కనిపిస్తుంది పెద్దయ్యా. మేక ఏదో మనిషి ఎవరో తెలుస్తుంది. దగ్గరి పనులే కష్టం."

"సూది బెజ్జం?"

ఆమె అటూ ఇటూ చూసింది. "కనపడదు పెద్దయ్యా. నాకు మొదటిరోజే తెలుసు, ఆ యంత్రం ఎవర్నీ కొలవట్లేదని. డాక్టరుగారికీ తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసనుకుంటా. కానీ ఆ మీట మీద పడాల్సిన వేలు నాది. రేపు రాజుగారి పేరు చెరిపింది ఫలానా పిల్ల అంటారు. నాకు ఈ ఊళ్లోనే పెళ్లి కావాలి."

అప్పుడు నాకు అర్థమైంది. ద్వెనాసోలో ఈ సంగతి తెలియనివాళ్లం ఇద్దరమే, నేనూ నానా.

ఇంటికి వచ్చి ఆఫ్రాకొమాకు చెప్పాను. ఆమె సూదిపెట్టె మూత తెరిచి మూసింది. "దేవుడు నాకిచ్చిన కన్ను నాది," అంది చివరికి. "పోతే పోయింది. కానీ దానిలోకి రాజుగారి అద్దం ఎందుకయ్యా? నాకు సరిపోని చెప్పుల్లాగా."

ఆఖరి సమావేశం రోజున డాక్టరుగారు లేచి నిలబడి ప్రసంగించారు. "మిత్రులారా, విశ్వసనీయత అనగా ఏమి? ఎన్నిసార్లడిగినా ఒకే మాట మీద నిలబడుటే కదా! ముసలి యంత్రం పావు అటూ ఇటూ ఊగుచున్నది. చేతి యంత్రం గురించి చెప్పుకోవడం మనకే నామోషీ. మన కొత్త యంత్రమో! పేద, ధనిక భేదం లేదు. ఆడ, మగ తేడా లేదు. చివరికి కన్ను, గాజు అన్న వివక్ష కూడా దానికి లేదు! ఇంతకంటే న్యాయమైన పరికరం ఈ ఖండంలో ఉన్నదా?"

లేదని అందరూ బల్ల చరిచారు. ఊరివాళ్ల సంఘం ప్రతినిధి కళ్లు తుడుచుకున్నాడు. ప్రధానోపాధ్యాయుడు తన బడిలో కూడా ఇకపై పిల్లలందరికీ ఒకే మార్కులు వేస్తే తల్లిదండ్రుల మధ్య సఖ్యత పెరుగుతుందేమో ఆలోచించాలన్నాడు. ఆపరేషన్లన్నీ కొత్త యంత్రం అంకె ప్రకారమే జరగాలని తీర్మానం సిద్ధమైంది. ఇక ముగింపు ప్రార్థన తరువాయి.

నేను లోపలికి వెళ్లి కళ్లు మూసుకున్నాను. మాట్లాడే హక్కు నాకు ఉన్నది కళ్లు మూసుకున్నప్పుడే.

"ప్రభువా," అన్నాను, "గర్భంలో ఒక్కొక్కరినీ వేరువేరుగా రూపించినవాడవు నీవు. రెండు వేళ్ల ముద్రలైనా ఒకటిగా చేయలేదు. అలాంటి నీవు నా భార్య కంటికీ, డుఫియే కంటికీ, వడ్రంగి జోమో గాజు కంటికీ ఒకే వంపు ఎప్పుడు ఇచ్చావో మాకు తెలియజెప్పు. ఇవ్వకపోయి ఉంటే, ఇవ్వలేదని చెప్పే ధైర్యం ఈ గదిలో ఉన్నవాళ్లలో ఎవరికైనా దయచెయ్యి. ఈ సంగతి నానకు విన్నవించే దారి చూపించు. నీ నామమున అడుగుతున్నాం."

"ఆమెన్," అన్నారు అందరూ. అలవాటు కొద్దీ డాక్టరుగారు అందరికంటే గట్టిగా అన్నారు.

కళ్లు తెరిచాక ప్రధానోపాధ్యాయుడు గొంతు సవరించుకుని, ఆమెన్ అన్నాం గనుక అది కూడా తీర్మానం కిందికే వస్తుందేమో అన్నాడు. డాక్టరుగారు నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు వంపు ఏ యంత్రానికీ అందదు.

అలా నేనూ డాక్టరుగారూ నాన సముఖానికి బయల్దేరాం. రాజు దగ్గరికి ఉత్త చేతులతో పోకూడదు గనుక ఒక ష్నాప్స్ సీసా కొన్నాం. నేను సంఘపెద్దను కాబట్టి సారా సీసా పట్టుకోకూడదు. డాక్టరుగారు పట్టుకున్నారు. మంచి సీసా ఏ కొట్లో దొరుకుతుందో మాత్రం నేనే చూపించాను.

డాక్టరుగారు తవియాతో విన్నవించుకున్నారు. "అయ్యా, కొత్త యంత్రం నానగారి పేరు మోసి మోసి కొద్దిగా అలసింది. దానికి కాస్త విశ్రాంతి దొరికే ఉపాయం ఉంటే..."

తవియా కర్ర ఎత్తాడు. "నానా! ద్వెనాసో ప్రజ మీ మీద ప్రేమ పట్టలేక, ఊరంతా మీ కంటితోనే లోకాన్ని చూస్తోంది!"

నాన గద్దె మీద ముందుకు వంగారు. తవియాతోనే మాట్లాడారు గానీ మా అందరికీ వినపడేలా మాట్లాడారు.

"ఊరంతానా?"

"అంతా నానా."

"డుఫియే కూడానా?"

"ఆవిడ కూడా నానా."

"ఆ వడ్రంగి గాజు కన్ను?"

ఆ మాటకు పూలు పెట్టడం తవియాకే చేతకాలేదు. "అదీ మీదే నానా."

నాన భుజాలు ఊగాయి. నవ్వో దగ్గో తెలియలేదు. "ఇంతమంది వాడేస్తుంటే నా కన్ను అరిగిపోదూ? నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా. ఎవరి కన్ను వాళ్లని చూసుకోమను. నాది నాకిచ్చెయ్యమను."

తవియా మా వైపు తిరిగి కర్ర నేల మీద తాటించాడు. "బిడ్డలారా! నానగారు పెద్ద మనసు చేసుకుని, నేటి నుంచి మీ కళ్లను మీకే ప్రసాదిస్తున్నారు!"

బయట కూడిన జనం కేరింతలు కొట్టారు. తమ కళ్లు తమకు దక్కినందుకు కొందరు ఆడవాళ్లు ఆనందంతో ఆడారు. డాక్టరుగారు ఒంగి కృతజ్ఞత చెప్పారు. నేనూ ఒంగాను. నడుం పట్టేసింది.

మర్నాడు ఇద్దరు డప్పులవాళ్లతో తవియా ఆస్పత్రికి వచ్చాడు. చూపుడు వేలికి తెల్లని గుడ్డ చుట్టుకుని, నాన ఆజ్ఞ గట్టిగా చదివి, 'సరే' నొక్కాడు. డప్పులు మోగాయి. తెర ఒక్కసారి నల్లబడి, మళ్లీ వెలిగి, అమాయకంగా కొత్త పేరు అడిగింది. బిరాగో 'ఆఫ్రాకొమా' అని రాసింది. యంత్రం ఈసారి నిజంగా ఆమె కంట్లోకి చూసి నలభై ఒకటిన్నర అంది.

సంఘం నివేదికలో దీని గురించి ఒక మంచి వాక్యం చేరింది. కొత్త యంత్రముతో ఏకీభవించినందున ముసలి యంత్రము కూడ నమ్మదగినదిగా పరిగణించవచ్చునట.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన పొద్దున నేను మంచం పక్కన నిలబడి లోలోపల కీర్తన పాడుకుంటున్నాను. ఆఫ్రాకొమా రెప్పలాడించి, నన్ను తేరిపార చూసింది.

"ఏమయ్యా, ఆ చొక్కా కాలరు అంత వంకరగా కుట్టిన దరిద్రుడెవడు?"

"నువ్వే. పోయిన ఈస్టరుకి, తడుముకుంటూ."

"మరి చెప్పలేదేం?"

"నీకు కనపడదు కదా అని."

"ఊళ్లోవాళ్లకి కనపడుతుంది కదయ్యా!" అని సూది అడిగింది. దారం కొస నోట్లో తడిపి, వెలుగు వైపు పెట్టి, ఒక్క పోటులో ఎక్కించింది. ఆ తర్వాత దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కూడా కిటికీలోంచి బయటికి చూశాను.

ఇలా అంతా శుభంగా ముగిసిందని మీరనుకుంటున్నారు. మా ఊరి సంగతి మీకు తెలియదు. తెరమీద నాన పేరు పోయినప్పటి నుంచి ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె రావడం మొదలైంది. డుఫియేకు నలభై మూడు వచ్చింది. ఆమె తోడికోడలికి నలభై నాలుగు వచ్చింది. ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. జోమో గాజు కంటికి యంత్రం ఏ అంకే ఇవ్వకపోవడంతో అతను అవమానంతో కుంగిపోయాడు. పెద్దమనుషులు కొందరు డాక్టరుగారిని కలిసి, యంత్రం మొదట్లో ఎంతో బాగుండేదని, ఎవరో చెడగొట్టారని, పాత పద్ధతికి మార్చమని కోరారు. విశ్వసనీయతలో కొత్త యంత్రానిదే ప్రథమ స్థానమని నివేదిక ప్రకటించింది. నాన కన్ను చూపించిన రోజుల్లోని నిలకడ ఆధారంగానే.

ఆఫ్రాకొమా మాత్రం వీటిలో తల దూర్చలేదు. ఆమెకు వేరే పని ఉంది. పెట్టె అడుగు నుంచి ఒక కబా జాకెట్టు తీసింది. దానికి ఒక్కటే చెయ్యి ఉంది. డుఫియే తన చెల్లెలి పెళ్లిలో తొడుక్కోవడానికి ఇచ్చిన గుడ్డ అది. రెండో చెయ్యి కుట్టేలోగా మసకలు కమ్మాయి. ఆ చెల్లెలి కూతురు ఇప్పుడు బడికి పోతోంది. డుఫియే ఏనాడూ గట్టిగా అడగలేదు. కానీ ఒంటి చెయ్యే ఊపుతూ మా గుమ్మం ముందు నుంచి వెళ్లడం మాత్రం మానలేదు.

మధ్యాహ్నానికల్లా రెండో చెయ్యి పూర్తయింది. డుఫియేను పిలిచి లోపల తొడిగించింది. వీపు జిప్పు సగం దాకా వచ్చి ఆగింది. లాగితే డుఫియే కళ్లు పెద్దవయ్యాయి గానీ జిప్పు కదల్లేదు.

"అప్పట్లోనే మసక కళ్లతో తప్పు కొలిచి ఉంటావే," అంది డుఫియే ఊపిరి బిగబట్టి. "నా కొలత మారడమేంటి? పెళ్లినాడెలా ఉన్నానో ఇప్పుడూ అలానే ఉన్నా. పెద్దయ్యా, మీరు సంఘపెద్ద. అబద్ధం ఆడరు. చెప్పండి, నేను మారానా?"

ఇద్దరాడవాళ్లూ నా వైపు చూశారు. నేను పాస్టరును ప్రశ్నించినవాణ్ని. డాక్టరును ప్రశ్నించినవాణ్ని. రాజు ముందు నిలబడి వచ్చినవాణ్ని.

"దేవుడి కృపవల్ల ఎలా ఉన్నావో అలానే ఉన్నావమ్మా," అన్నాను.

ఆఫ్రాకొమా పళ్లతో దారం కొరుకుతూ నవ్వు మింగింది. జాకెట్టు విప్పించి తీసుకుంది. పక్క కుట్లు రెండూ విప్పి, లోపల మడిచిన గుడ్డంతా వదిలి, మళ్లీ కుట్టి ఇచ్చింది. ఈసారి జిప్పు పై దాకా సాఫీగా వెళ్లింది.

"చూశావా!" అంది డుఫియే రెండు చేతులూ చాపి. "అదే కొలత!"

"అదే కొలత అక్కా," అంది నా భార్య. టేపు విప్పకుండానే, చుట్టినది చుట్టినట్టే పెట్టెలో పెట్టేసింది. డుఫియే రెండు చేతుల జాకెట్టుతో మా గుమ్మం దిగి, చేతులు ఊపుకుంటూ, ఎప్పటికంటే కాస్త నెమ్మదిగా, తన ఇంటికి వెళ్లింది.